బయటి రెక్కలో సీసం

ఆయన పోయారన్న సంగతి నాకు పెద్దకర్మ కూడా అయిపోయాక తెలిసింది. అమలాపురంలో నల్లవంతెన దగ్గర ఎండుకొబ్బరి బస్తాలు తూయిస్తున్న వ్యాపారి ఒకాయన, ముల్లు ఒకచోట నిలవని కాటాని కాలితో తన్నబోయి ఆగి, "దీన్ని దారికి తెచ్చే ఆయన పోయేరు కదండీ, ఇక ఇది ఎవరి మాటా వినదు" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. అమలాపురం నుంచి రాజోలు దాకా కాటాలు మాట వినే మనిషి ఒక్కరే ఉండేవారు.

మనిషి పోయారంటే ముందు బాధ కలగాలి. నాకు ముందు అనుమానం కలిగింది. కబురు చెయ్యడం మరిచిపోయారా, కావాలనే చెయ్యలేదా, లేక ఆయనే వద్దని చెప్పి పోయారా? దారి పొడుగునా ఈ మూడు ప్రశ్నలే నములుకుంటూ ఇంటికి నడిచాను. కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు గాని ఏడుపు రాలేదు. నా పాత ఇంటి నంబరుకి రెండుసార్లు ఫోను చేశారని తరువాత తెలిసింది. నా బుద్ధి అలాంటిది. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ బుద్ధి చేసిన నిర్వాకమే.

ఆయన పేరు రాయను. కాగితం మీద తన పేరు పడడం ఆయనకు గిట్టేది కాదు. రిజిస్టరు ఉత్తరం వస్తే పోస్ట్‌మేన్ చేత అడ్రసు మూడుసార్లు చదివించుకుని, కవరుని రెండు వేళ్ళ మీద పెట్టి ఎత్తి చూసి, లోపల ఏముందో ఒక అంచనాకు వచ్చాక అప్పుడు సంతకం పెట్టేవారు. ఊళ్ళో అందరూ కాటాలాయన అనేవారు. నేనూ అలాగే అంటాను.

తూకాల పని ఆయనది. కొబ్బరి కొట్లలో పెద్ద కాటాలు, కిరాణా కొట్లలో తక్కెడలు, బంగారం కొట్లలో గాజుపెట్టెల్లో ఉండే త్రాసులు బాగుచేసేవారు. తూకపు రాయి అడుగున చిన్న గుంట ఉంటుంది. రాయి అరిగి బరువు తగ్గితే ఆ గుంటలో సీసం పోసి సరిచేస్తారు. సర్కారు ముద్ర కూడా ఆ సీసం మీదే పడుతుంది. అందుకని ఆయన చొక్కా జేబు ఎప్పుడూ సీసం ముక్కలతో ఒక పక్కకి వేలాడుతూ ఉండేది. ఇలాంటి పని చేసేవాళ్ళని ఊరు పూర్తిగా నమ్మదు. కాటా సరిచెయ్యడం వచ్చినవాడికి చెడగొట్టడమూ వచ్చే ఉంటుంది కదా అని అందరి లెక్కా.

ఆయన మాత్రం ఊరిని నమ్మారా? బజారులో తూయించి తెచ్చిన వంకాయల్ని ఇంట్లో మళ్ళీ తూచేవారు. "మా పెళ్ళిలో తలంబ్రాలు కూడా తూచే ఉంటారండీ ఈయన. నా దోసిట్లో నాలుగు గింజలు ఎక్కువ పడ్డాయని ఇప్పటికీ లోపల గుర్రుగానే ఉంటారు" అనేవారు ఆయన భార్య. ఆవిణ్ణి నేను అక్కయ్యగారూ అని పిలిచేవాణ్ణి. ఈయన ఆ మాటకి నవ్వేవారు కాదు. తూచారో లేదో కూడా చెప్పేవారు కాదు.

నేను అమలాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. తొంభై నాలుగులో అనుకుంటాను, మా లేబొరేటరీ త్రాసు మొరాయిస్తే ఆయన్ని పిలిపించారు. పొట్టి మనిషి, పంచె, పొట్టి చేతుల తెల్లచొక్కా. ఏ వస్తువు ఇచ్చినా చూపుడువేలూ నడివేలూ జతచేసి వాటి మీద పెట్టుకుని, ఒక కన్ను మూసి, కాసేపు ఊపిరి బిగబట్టడం అలవాటు. టీ గ్లాసు ఇచ్చినా అంతే, తాళంచెవి ఇచ్చినా అంతే.

ఆ రోజు నా బల్ల మీద బాల్సా అనే తేలికపాటి చెక్కతో చేసిన సన్నటి ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. కలకత్తా నుంచి తెప్పించుకున్న మోడల్ విమానం కిట్టులో రెక్కకు పక్కటెముకల్లా ఉండే ముక్కలవి. త్రాసు బాగయిందో లేదో చూడ్డానికి నన్ను అడగనైనా అడక్కుండా ఒక ముక్క ఈ పళ్ళెంలో, దాని జత ముక్క ఆ పళ్ళెంలో పెట్టారు. ముల్లు ఎడమకి వాలింది.

"ఇవి రెండూ ఒకటి కాదండీ," అన్నారు.

"ఒకే అచ్చండీ. కంపెనీవాళ్ళు కోసి పంపేరు."

"ఆయ్. కోత ఒకటేనండీ. చెక్క ఒకటి కాదు. దీంతో ఏం చేస్తారండీ?"

చెప్పాను. ముందు బొటనవేలంత డీజిలింజను ఉంటుంది. ఎడమ రెక్క కొస నుంచి రెండు సన్నటి ఉక్కు తీగలు బయటికి వచ్చి మన చేతిలోని పిడికి తగులుకుంటాయి. మనం మధ్యలో నిలబడి తిరుగుతూ ఉంటే విమానం మన చుట్టూ తిరుగుతుంది. పిడిని పైకి వంచితే పైకి, కిందికి వంచితే కిందికి. పల్టీలు కొట్టించవచ్చు, తలకిందులుగా నడిపించవచ్చు, గాలిలో ఎనిమిది అంకె వేయించవచ్చు. ఎవరి పల్టీ ఎంత గుండ్రంగా ఉందో చూసి మార్కులు వేసే పోటీలు ఉంటాయి. విశాఖపట్నంలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్.సి.సి.లో నేర్చుకున్న విద్య.

"ఇది ఎగురుతుందా అండీ?"

"బాగా ఎగురుతుంది."

"మీరు చూసేరా?"

"డిగ్రీలో ఉండగా ఇలాంటిదే ఎగరేసేను."

"ఇలాంటిదంటే ఇది కాదు కదండీ," అని పంచె దులుపుకుని వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం ముక్కలన్నీ తూచాను. ఇరవై ముక్కల్లో నాలుగు జతలు కూడా సరిగ్గా కుదరలేదు.

రెండు నెలల తరువాత మందుల షాపులో ఈథరు కొంటుంటే, "ఈ సరుకు మీరూ కాటాలాయనా తప్ప ఎవరూ అడగరండీ" అన్నాడు షాపతను. ఆ ఇంజనుకి ఈథరూ, కిరసనాయిలూ, ఆముదమూ కలిపి పోస్తారు. కాటాలకి ఈథరెందుకు? నేరుగా ఆయన ఇంటికి వెళ్ళాను. వసారాలో నేను కొన్న కిట్టే, అదే అట్టపెట్టె. నన్ను చూడగానే ఆయన దాని మీద తువ్వాలు కప్పారు.

అలా మొదలైంది మా స్నేహం. స్నేహం అనే మాట ఇప్పుడు వాడుతున్నాను. అప్పట్లో అది ఒకరి మీద ఒకరం కన్నేసి ఉంచడమే. ఆయన ఇంటికి నేను వెళితే ఆయన విమానం తువ్వాలు కిందికి పోయేది. ఆయన వస్తే విమానం కొలతలు గీసిన నా పటం బల్ల సొరుగులోకి పోయేది. అయినా వారం తిరిగేసరికి ఇద్దరిలో ఎవరో ఒకరు రెండో వాళ్ళ గుమ్మంలో ఉండేవాళ్ళం.

కిట్టుతో వచ్చిన పటాన్ని నేను అక్షరం తప్పకుండా పాటించేవాణ్ణి. ఆయన దాన్ని బొత్తిగా ఖాతరు చేసేవారు కాదు. "గీత గీసినాయన కలకత్తాలో ఉన్నాడండీ. ఈ చెక్క ముక్క నా చేతిలో ఉంది. ఎవర్ని నమ్మమంటారు?" అనేవారు. ప్రతి పుల్లనీ తూచి, దాని మీద పెన్సిలుతో గ్రాములు రాసి, సగం పుల్లలు పక్కన పడేశారు. రెక్కల కొసలకి బాల్సా తీసేసి జీలుగుబెండు పెట్టారు, పెళ్ళి బాసికాలు చేసే బెండు. తోక రెండంగుళాలు పొడుగు చేశారు. చక్రాల కాళ్ళకి పాత గొడుగు ఊచలు వంచారు. నేను ముక్కున వేలేసుకున్నాను. తీరా చూస్తే ఆయనది నా విమానం కంటే నలభై గ్రాములు తేలిక. ఈ సంగతి ఆయన చెప్పలేదు. ఆయన పెరట్లోకి వెళ్ళినప్పుడు నేను దొంగతనంగా తూచి తెలుసుకున్నాను.

కోనసీమలో కొబ్బరిచెట్టు లేకుండా నలభై గజాల చోటు చూపించండి చూద్దాం. కాలేజీ గ్రౌండులో ఎప్పుడూ ఎవరో ఒకరు ఆడుతూ ఉంటారు. తొంభై ఆరు తుపానుకి మామిడికుదురు అవతల ఆయన బావమరిది తోటలో చెట్లు వరసగా పడుకున్నాయి. మొదళ్ళు పెకలించేశాక తోట మధ్యలో పెద్ద ఖాళీ మిగిలింది. ఒకరి నోటి దగ్గర కూడు పోయిన చోట ఆటలేమిటని నాకు సిగ్గేసింది. ఆ బావమరిదే గట్టు మీద కూర్చుని, "ఈ బయలు చూస్తే కడుపు తరుక్కుపోతోంది బావగారూ. ఏదో ఒకటి తిరగనీండి ఇక్కడ" అన్నాడు. ఆదివారాలు బోడసకుర్రు రేవులో పంటు ఎక్కి, విమానాలు దుప్పట్లలో చుట్టుకుని, ఏరు దాటి వెళ్ళేవాళ్ళం. ఇంజను మోత విని జనం పరిగెత్తుకొచ్చారు మొదటిసారి. గ్యాసు బావుల సర్వేవాళ్ళమనుకున్నారు. ఒక ముసలాయన, "ఇక్కడా తవ్వుతారా అండీ?" అని అడిగి, కాదు ఆట అని చెబితే, మమ్మల్ని ఎగాదిగా చూసి, నమ్మకుండానే వెళ్ళిపోయాడు.

విమానం లేపేటప్పుడు దాన్ని వెనకనుంచి ఒకరు పట్టుకోవాలి. ఎగరేసేవాడు తీగలకి ఆ చివర ఉంటాడు, విమానం దగ్గర ఏం జరుగుతోందో అతనికి తెలియదు. ఇంజను అరుస్తుంటే మాట వినబడదు. పట్టుకున్నవాడి మీద నమ్మకంతో చెయ్యి ఊపాలి, అతను వదలాలి. నా విమానాన్ని ఆయన పట్టుకునేవారు, ఆయనది నేను. మూడేళ్ళలో ఒక్కసారి కూడా మేం ఒకరిది ఒకరం పాడుచెయ్యలేదు. అయినా ప్రతిసారీ తీగకి ఆ చివర నిలబడి, 'ఈయన చేతులు ఇప్పుడు ఏం చేస్తున్నాయో' అనుకునేవాణ్ణి. ఆయనా అలాగే అనుకుని ఉంటారని నా నమ్మకం.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. కాటా బాగుచేశాక ఎక్కడ ఏం చేశారో సొంతదారుకి చెప్పేవారు కాదు. ఎంత అడిగినా "సరిపోయిందండీ" అనే మాట తప్ప రెండో మాట రాదు. ఒకసారి ఇదేం దాపరికమని నిలదీశాను.

"మా నాన్నగారి దగ్గర్నుంచీ అంతేనండీ," అన్నారు. "సరిచేసిన చోటు చెప్పకూడదు. చెబితే మర్నాడు వాళ్ళ చెయ్యి అక్కడికే పోతుంది. కొంచెం ఇటు తిప్పితే ఏమవుతుందో అనిపిస్తుంది. మంచివాళ్ళకైనా అనిపిస్తుందండీ."

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఏదో దాచిపెట్టేవాళ్ళు చెప్పే మాటలా వినిపించింది.

ఆ మూడో ఏడు కాకినాడలో ఒక కాలేజీ గ్రౌండులో పోటీ పెడుతున్నారని తెలిసింది. ఇద్దరం పేర్లు ఇచ్చాం. నాకు ఆ పోటీ గెలవాలని ఎంత ఉండేదో చెప్పలేను. కాలేజీలో నన్ను గాలిపటాల మేస్టారనేవారు, మా ప్రిన్సిపాలు కూడా. ఒక్క కప్పు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాలని ఉండేది. పల్టీలు పెద్దవిగా కనబడాలని పన్నెండు మీటర్ల తీగలు తీసేసి పదహారు మీటర్లవి వేద్దామని నేనే అన్నాను. ఇద్దరం మార్చాం. అప్పట్నుంచి నా విమానం నెత్తి మీదికి వచ్చినప్పుడల్లా తీగలు కాస్త వదులయ్యేవి. తీగ బిగువుగా ఉంటేనే విమానం మన మాట వింటుంది.

"నాలుగు రోజులు నా దగ్గర ఉంచండి మేస్టారూ," అన్నారాయన.

ఇచ్చాను. ఇచ్చి వచ్చి స్టాఫ్ రూములో ఆ మాట అనడం నా తప్పు. మా కామర్సు లెక్చరరు టీ తాగడం ఆపి, "మీరూ ఆయనా ఒకే పోటీలోనా అండీ? మీ విమానం నాలుగు రోజులు ఆయన ఇంట్లోనా? బాగుందండీ. ఆయన కాటా సరిచేస్తే అటో ఇటో ఎవడో ఒకడు మునుగుతాడు" అన్నాడు. నేను నవ్వేశాను. ఆ రాత్రికి నవ్వు పోయింది, మాట మిగిలింది.

గురువారం విమానం తెచ్చి ఇచ్చారు. "ఏం చేసేరండీ?" అన్నాను. "సరిపోయిందండీ," అన్నారు. ఎగరేసి చూద్దామంటే వాయుగుండం, మూడు రోజులుగా ముసురు. ఆదివారం పోటీ.

శుక్రవారం లేబొరేటరీలో, ఆయన బాగుచేసిన త్రాసు చాలదని స్టోరు రూములోంచి పెద్ద త్రాసు తెప్పించి, విమానం మొత్తాన్ని తూచాను. పద్దెనిమిది గ్రాములు పెరిగింది! తేలిక కోసం పుల్ల పుల్లా చెక్కిన మనిషి నా విమానానికి పద్దెనిమిది గ్రాములు ఎక్కించారు. తీగలు లేని కుడి రెక్క, అంటే బయటి రెక్క కొసన కాగితం మీద గోరుతో తడిమితే లోపల గట్టిగా ఏదో తగిలింది. బ్లేడుతో కోశాను. బెండుతో చేసిన చక్కటి గూడు, అందులో సీసం ముక్క.

బయటి రెక్కకి కాస్త బరువుండాలని నాకు తెలియక కాదు. తీగల బరువంతా లోపలి రెక్క మీద ఉంటుంది కాబట్టి బయటి కొసన కొద్దిగా బరువు పెట్టమని పటంలోనే రాసి ఉంది. దానికి నేను రెండు చిన్న మేకులు ఎప్పుడో పెట్టాను. తీగలు పొడుగయ్యాయి, వాటి బరువు పెరిగింది, కాబట్టి ఈ కొసనా బరువు పెరగాలి. పదో తరగతి పిల్లలు కట్టే లెక్క. ఫిజిక్సు చెప్పే నాకు ఆ క్షణాన అది తట్టలేదు. నాకు తట్టిందల్లా సీసం, సీసం పోసే మనిషి, ఒకే పోటీ. ముక్కని ఊడబెరికాను. కాగితం అతికించి, ఆరాక పైన ఎర్రటి చార ఒకటి వేశాను, కోత కనబడకుండా. ఇంటికి వెళుతూ సీసాన్ని వంతెన మీదనుంచి కాలవలోకి విసిరేశాను. అప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తు.

కాకినాడలో నా వంతు ముందు వచ్చింది. అలవాటుగా ఆయన వచ్చి నా విమానం ఎత్తబోయారు. ఆ రెండు వేళ్ళ మీద పెడితే ఆయనకి తెలిసిపోతుంది. "మీ వంతు దగ్గరకొస్తోంది, మీది చూసుకోండి" అని పోటీవాళ్ళ వాలంటీరు ఒకతన్ని పట్టుకోమన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. "ఆయ్" అని పక్కకి తప్పుకున్నారు.

లేచింది. రెండు చుట్లు నీటుగా తిరిగింది. ఇక నెత్తి మీదుగా దాటించాలి. పిడి వంచాను. విమానం నిలువుగా లేచి సరిగ్గా నా తల మీదికి వచ్చింది, చేతిలో తీగలు నానిన దారాల్లా మెత్తబడిపోయాయి. ఆ మెత్తదనం చేతికి తెలిసిన మరుక్షణమే నా తప్పు కూడా తెలిసిపోయింది. వెనక్కి పరిగెత్తాను, బిగువు రాలేదు. ఇంజను పూర్తి జోరులో ఉండగా నాకు ఆరడుగుల దూరంలో ముక్కు నేలకి కొట్టుకుని తునాతునకలైంది.

అందరికంటే ముందు ఆయన వచ్చారు. పంచె ఎగ్గట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టారు. బయటి రెక్క కొస దొరికింది. అందులో పగిలిన బెండు గూడు, ఖాళీగా. ఆయన చేతులు ఆగిపోయాయి.

"మేస్టారూ, ఇందులో ఒక సీసం ముక్క ఉండాలండీ. మీరేమైనా తీసేరా?"

"నాకేం తెలుసండీ? మీరు ఏం పెట్టేరో నాకు చెప్పనేలేదు కదా," అన్నాను.

ఎంత తెలివిగా అన్నానో చూడండి. నేరం నాది, దెప్పు ఆయనకి. ఆయన నా మొహంలోకి చూశారు. మనిషిని గాని వస్తువుని గాని ఒక్క చూపులో నమ్మని ఆ కళ్ళు నన్ను నమ్మాయి. తల ఊపి, గడ్డిలో వెతకడానికి వంగారు. అరగంట వెతికారు. వానకి తడిసిన గడ్డి, పంచె మోకాళ్ళ దగ్గర బురద. నేను పక్కనే నిలబడ్డాను. ఇక్కడ కాదండీ, అమలాపురం కాలవలో ఉంది అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు.

చివరికి లేచి గ్రౌండు అంచున నిలబడి చూస్తున్న జనం వైపు చూశారు. ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు.

"గాలిలోనే ఊడిపోయిందండీ," అన్నారు నెమ్మదిగా. "నా అతుకు ఊడింది. అంత జోరు మీద ఆ ముక్క ఎటు పోయిందో! ఏ పసిదాని కణతకైనా తగిలుంటే ఏమయ్యేదండీ?"

మైకులో ఆయన పేరు పిలిచారు. ఆయన విమానంలోనూ అదే గూడు, అదే అతుకు, అదే సీసం. వెళ్ళి, తన వంతు వద్దని చెప్పి వచ్చారు. పందిరి కింద గుడ్డ కప్పి ఉన్న ఆ విమానం, ఆ రోజు కప్పు కొట్టవలసిన విమానం అని నాకు తెలుసు. తీగ పట్టిన వాడెవడికైనా తెలుసు. తిరుగు ప్రయాణంలో బస్సు రావులపాలెంలో ఆగింది. అక్కడ ఆయన టీ ఇప్పించి, "మీ విమానం పాడుచేసేను మేస్టారూ, క్షమించండి" అన్నారు. నేను టీ తాగాను.

ఆ తరువాత ఆయన ఒక్కసారి కూడా ఎగరెయ్యలేదు. కట్టడం మానలేదు. ఏడాదికొకటి చొప్పున కడుతూ, ప్రతిదాన్నీ వసారా దూలానికి ఒక్క దారంతో వేలాడదీసేవారు. ఏదీ అటూ ఇటూ వాలేది కాదు. ఎగరెయ్యరేమండీ అని ఎవరైనా అడిగితే, "నా అతుకు మీద నాకు నమ్మకం లేదండీ" అనేవారు. తూకపు రాళ్ళలో సీసం పోసే పని కూడా రాజోలులో ఇంకొకాయనకి అప్పగించేశారు. పోసిన సీసం ఊడుతుందేమోనని భయమట. అక్కయ్యగారు నాతో, "ఈయనకి ఏదో అయిందండీ మేస్టారూ, రాత్రి లేచి తలుపు గడియ మూడుసార్లు చూస్తున్నారు, మీరైనా చెప్పండి" అనేవారు. నేను చెబుతాననేవాణ్ణి. మొదటి ఏడు సిగ్గుతో చెప్పలేదు. రెండో ఏడు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలని చెప్పలేదు. ఆ తరువాత, చెప్పకపోవడానికి కారణం వెతకడం కూడా మానేశాను. పిరికితనం, అంతే.

పోయే ముందు ఏడు ఆయనకి కుడిచెయ్యి పడిపోయింది. చూడ్డానికి వెళ్ళాను. వసారాలో మంచం, పైన వరసగా ఏడు విమానాలు. కుశల ప్రశ్నలు అయ్యాక ఆయనే ఎత్తారు.

"అన్నీ ఒక లెక్కకి వచ్చేయండీ. ఆ కాకినాడ అతుకు లెక్కొక్కటే తేలలేదు. అదే బంక, అదే బెండు. ఎందుకు ఊడిందో తెలీకుండా పోతానేమో."

ఇక ఆగలేకపోయాను. "ఊడలేదండీ," అన్నాను. "నేను తీసేసేను. శుక్రవారం, కాలేజీలో. మీరు నన్ను దెబ్బ తియ్యడానికి పెట్టేరనుకున్నాను. మీ అతుకు బ్లేడుకి కూడా ఊడి రాలేదు, పీకి పీకి తీసేను."

ఆయన ఎడమచేతి రెండు వేళ్ళు జతచేసి పైకెత్తారు.

"ఎంత తూగిందండీ?"

"పద్దెనిమిది గ్రాములు."

"సీసమా?"

"సీసమేనండీ. పద్దెనిమిది."

"పదహారున్నరండీ నేను పెట్టింది," అన్నారు. "తక్కినది గూడూ, బంకా, రంగూ."

"నేను విమానాన్ని తూచేనండీ. ముక్కని విడిగా తూయలేదు."

"ఫిజిక్సు మేస్టారు, లేబొరేటరీలో, త్రాసు ముందు కూర్చుని, చేతిలో ముక్క పెట్టుకుని తూయలేదా అండీ?"

"లేదండీ."

"మరి ఏదండీ అది?"

"అప్పుడే కాలవలో పారేసేను."

ఆయన మొహంలో మెల్లగా ఒక నవ్వు వచ్చింది. పదేళ్ళలో అంత చల్లగా నవ్వడం నేను చూడలేదు. ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకున్నారు. "డాక్టరుగారు నాకింకెన్నాళ్ళన్నారో మా ఆవిడ మీకు చెప్పేసిందన్నమాట," అన్నారు.

"కాదండీ, దేవుడి మీద ఒట్టు. నిజం చెబుతున్నాను. నేనే తీసేను."

"ఊరుకోండి మేస్టారూ," అని నా చేతిని తట్టారు. "మీకు అబద్ధం ఆడడం రాదండీ. ఇన్నేళ్ళలో ఇదొక్కటే ఆడేరు. అదీ నా కోసం."